మూడోసారికి ముందు

పొద్దున్న పొయ్యి దగ్గరికి వెళ్తూ "ఏ కూర వండమంటావు బావా?" అని మా ఆయన్ని అడిగేదాన్ని. వంకాయలు తరిగి, పోపు పెట్టి, మూత వేసి, గరిట కడుక్కుని నేను తిరిగొచ్చే వేళకి వరండాలో బల్ల మీది పెట్టె "ఆ... నప... కాయ" అనేది. అప్పటికి వంకాయలు సగం ఉడికిపోయి ఉండేవి. మా ఆయన నా వైపు చూసేవాడు, నేను పెట్టె వైపు చూసేదాన్ని. ఇద్దరం ఏమీ అనుకోకుండా వంకాయ కూరే తినేవాళ్లం.

ఆ పెట్టె సంగతి చెప్పాలంటే ముందు ఆయన సంగతి చెప్పాలి.

మా ఆయన గౌరినాయుడు అనకాపల్లి బెల్లం మార్కెట్టులో పాట పాడేవాడు. పాటంటే వేలంపాట. బెల్లం దిమ్మ అంచు గోటితో గిల్లి నాలిక మీద వేసుకునేవాడు, ఎండలో పెట్టి రంగు చూసేవాడు, ఇక అక్కడినుంచి ధర అందుకున్నాడంటే మాట మీద మాట, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో తెలిసేది కాదు. నాయుడి నోట్లో మర ఉంది అనేవారు వర్తకులు. నేను క్యారేజీ పట్టుకెళ్లి, వెంటనే ఇచ్చెయ్యకుండా, బస్తాల చాటున నిలబడి వినేదాన్ని. నా చదువు రెండో తరగతి దగ్గర ఆగిపోయింది గానీ చెవులు ఆగలేదు. ఆయన ఏ రోజు ఏ రైతు దిమ్మకి ఎలా పాడాడో ఇప్పుడడిగినా చెప్పగలను.

ఒకనాడు పాట మధ్యలో ఆయన మూతి ఒక పక్కకి లాగేసింది. ధర సగంలో ఉండిపోయింది. ప్రాణం దక్కింది, కుడిచెయ్యీ మాటా పోయాయి. మనం చెప్పిందంతా అర్థమయ్యేది. జవాబు లోపల పుట్టేది కూడా. గొంతు కదిలేది, చప్పుడు వచ్చేది కాదు.

అప్పుడు మమ్మల్ని కాపాడింది తువ్వాలు. మా మామగారు పశువుల సంతలో బేరగాడు. సంతలో ధర నలుగురికీ తెలియకుండా తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్లు పట్టుకుని బేరమాడతారు. పిడికిలి మూస్తే బేరం కుదిరినట్టు. అరచెయ్యి చాపి నెడితే లేదని. ఆ విద్య తండ్రి దగ్గర ఈయనకీ, ఈయన దగ్గర నాకూ వచ్చింది. మాట పోయాక ఆయన ఎడమచెయ్యి తువ్వాలు కింద నా చేతిలోనే ఉండేది. మంచినీళ్లా, పిడికిలి. పడుకుంటావా, అరచెయ్యి. దాంతో అవునూ కాదూ చెప్పొచ్చు గానీ కబుర్లు చెప్పడం కుదరదు కదా.

మా మనవరాలు ప్రణతి, మా కొడుకు సన్యాసిరావు కూతురు, విశాఖపట్నంలో ఒక పరిశోధన ఆసుపత్రిలో పని చేస్తోంది. అక్కడ వాళ్లు గొంతుపట్టీ అని ఒకటి తయారు చేస్తున్నారు. మెడకి చుట్టుకుంటే, చప్పుడు కాకుండా గొంతులో కదిలే మాటని పట్టుకుని కంప్యూటరుకి పంపుతుంది. కంప్యూటరు దాన్ని పైకి పలుకుతుంది. పైవాళ్లనడిగి ప్రణతి ఒక పట్టీ తాత కోసం తెచ్చింది. ఆసుపత్రిలో దాన్ని నడిపే కంప్యూటరు బీరువా అంత ఉంటుందట. మా ఇంట్లో ఉన్నది ప్రణతి కాలేజీ రోజుల్లో విడిభాగాలు తెచ్చి బిగించుకున్న పెట్టె. అందుకే ఆనపకాయ అంత ఆలస్యంగా వచ్చేది.

"పట్టీలో లోపం లేదు మామ్మా," అంది ప్రణతి ఒక ఉదయం పెట్టె పక్క రేకు విప్పుతూ. "ఈ మదర్‌బోర్డే చవకరకం. తాత గొంతులోంచి వచ్చేదంతా జీర్ణం చేసుకునేసరికి దీనికి తల ప్రాణం తోకకొస్తోంది."

"మరేటి సేత్తావు?"

"తరుముతాను. ఇందులో ఒక గడియారం ఉంటుంది. అది టిక్కుమన్నప్పుడల్లా ఒక పని జరుగుతుంది. ఆ టిక్కుల్ని దగ్గర దగ్గరగా కొట్టించామనుకో, పని తొందరగా అవుతుంది. ఓవర్‌క్లాక్ చెయ్యడం అంటారు."

"బండెద్దుని ముల్లుకర్రతో పొడిసినట్టు."

"అంతే. కాకపోతే వేడెక్కుతుంది."

"ఎద్దుకీ కోపమొత్తాది మరి," అన్నాను.

మొదటిసారి గడియారం పెంచగానే తెర నల్లబడిపోయింది. పెట్టె పొడుగ్గా ఒక కూత, పొట్టిగా రెండు కూతలు కూసి ఊరుకుంది. ప్రణతి ర్యామ్ ముక్కలు ఊడదీసి, వాటి పసుపుపచ్చ అంచుల్ని పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టింది. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు గీకేసి, తమలపాకుకి సున్నం రాసినట్టు కొత్తది పలచగా రాసింది. బోర్డుకి కరెంటు అందించే చోట వేడి పుడుతోందని అక్కడ చిన్న అల్యూమినియం రెక్కలు అతికించింది. చివరికి నా టేబులు ఫ్యాను కూడా పట్టుకుపోయింది. గడియారం కొంచెం పెంచడం, పెట్టె ఆగిపోవడం, కొంచెం తగ్గించి మళ్లీ మొదలుపెట్టడం. మా ఆయన కుర్చీలో కూచుని, మెడకి పట్టీతో, కొత్త దిమ్మని చూసినట్టు ఆ బోర్డునే చూస్తూ ఉండేవాడు.

ఒక మధ్యాహ్నం నేను యథాలాపంగా, "మజ్జిగ తాగుతావేటి బావా?" అన్నాను.

నా నోరు మూతపడకముందే పెట్టె అందుకుంది. "ఉప్పు తక్కువెయ్యి. నిన్న సముద్రాన్ని గ్లాసులో తెచ్చీసినావు."

గొంతు మరదే గానీ మాట ఆయనదే. నేను గుమ్మంలోనే చతికిలబడి నవ్వాను, నవ్వుతూ నవ్వుతూ కొంగు తడిపేసుకున్నాను. ప్రణతి రెండు చేతులూ పెట్టె మీద పెట్టి, కాలుతున్నా తియ్యకుండా అలాగే నిలబడింది.

ఆ తర్వాత మా వరండా ఖాళీగా లేదు. మార్కెట్టు వాళ్లు పాట ముగించుకుని నేరుగా మా ఇంటికే వచ్చేవారు. నాయుడి నోట్లో మర మళ్లీ తిరుగుతోందని చెప్పుకునేవారు. ప్రణతి సంతోషం పట్టలేక గడియారం ఇంకొంచెం పెంచింది. పెంచిన కొద్దీ ఆయన మాట చురుకెక్కింది.

ఒకరోజు నేను ఆయన గడ్డం గీస్తుంటే, అడక్కుండానే పెట్టె పలికింది. "జాతరలో ఆకుపచ్చ పరికిణీ కట్టుకుని, సెరుకుముక్క నవుల్తా నిలబడ్డావు రత్నం. ఆ రోజునుంచీ నా కంటికి ఇంకెవరూ ఆన్లేదు."

నా చేతిలో బ్లేడు ఆగిపోయింది. కాపరానికొచ్చి మనవల్నెత్తుకునేదాకా ఈ మనిషి నోట అలాంటి మాట నేను విని ఎరగను. బాగుందంటే కూరని, బాగులేదంటే ఎండని, అంతే. సిగ్గుపడుతున్నాడేమోనని మొహంలోకి చూశాను. చెవులు ఎర్రబడ్డాయి. ఎడమచెయ్యి మెడ దగ్గర పట్టీని గట్టిగా పట్టుకుని ఉంది. దాన్ని నేను సిగ్గే అనుకున్నాను. ఆ పూటంతా నాకు నేల మీద కాళ్లు ఆనలేదు.

మా సన్యాసిరావు ఆయన తర్వాత మార్కెట్టులో పాట అందుకున్నాడు. తండ్రి ఏనాడూ వాడి పాటని మెచ్చుకోలేదు, తీసిపారెయ్యలేదు. విని తలాడించేవాడు. ఒక సాయంత్రం మార్కెట్టు వాళ్లంతా కూచుని ఉండగా వాడు తండ్రి ముందు కూచుని, చిన్నపిల్లాడిలా మొహం పెట్టి అడిగాడు.

"నాన్నా, ఈయాల పొద్దున్న ఫోన్లో ఇనిపించినాను కదా. నా పాట ఎలగుంది?"

"అది పాటేటి?" అంది పెట్టె వెంటనే. "సంతలో తప్పిపోయినోడు దారడిగినట్టుంది."

అందరూ ఘొల్లుమన్నారు. సన్యాసిరావు కూడా నవ్వబోయాడు, ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. మా ఆయన ఎడమచెయ్యి గాలిలోకి లేచింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. పెట్టె మాత్రం ఆగలేదు. "మంచోడే పాపం. పాట రాదు, అంతే." ప్రణతి పరుగున వెళ్లి ప్లగ్గు పీకేసింది.

ఆ రోజునుంచి సన్యాసిరావు వరండాలోకి రావడం మానేశాడు. పెరటి వైపు నుంచి వచ్చి, తిని, పెరటి వైపు నుంచే వెళ్లిపోయేవాడు.

"తాత అలా అనే మనిషి కాదు మామ్మా," అంది ప్రణతి. పెట్టె అప్పటికి మాటిమాటికీ ఆగిపోతోంది. ఈ పిల్ల ఫ్యాను తిప్పి, రెక్కలు మార్చి, వైర్లు సర్ది అవస్థ పడుతోంది. "బోర్డు వేడికి తప్పులు చేస్తోందేమో."

నాకు ఆ మాట నచ్చలేదు. పెట్టె తప్పులు చేస్తోందంటే ఆకుపచ్చ పరికిణీ కూడా తప్పేనా మరి?

ఆ వారంలోనే ప్రణతి పైఅధికారి డాక్టరు శర్వాణిగారు మా ఇంటికొచ్చారు. సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. నేనిచ్చిన బెల్లం కాఫీ తాగుతూ ఆయనతో కబుర్లాడారు. ఆవిడ కళ్లు అంతకంతకూ పెద్దవయ్యాయి.

"మా దగ్గర ఎంత పెద్ద మెషిన్ మీదా ఇంత సహజంగా రాలేదు ప్రణతీ. ఈ చవక బోర్డు మీద ఇదెలా సాధించావు?" అన్నారు. తర్వాత మా ఆయన వైపు తిరిగారు. "నాయుడుగారూ, పైన పట్టీ కాకుండా గొంతు లోపలే సన్నటి తీగ అమర్చితే ఇంకా బాగా పలుకుతుంది. మొదటి మనిషి మీరే అవుతారు. కానీ ఒకసారి పెట్టాక తియ్యడం కష్టం. మెడలో ఆపరేషన్, ప్రమాదం లేదని చెప్పను. మీకిష్టమైతేనే. మీ మాటతోనే చెప్పండి." ఫోన్లో రికార్డు నొక్కి ఆయన ముందు పెట్టారు.

నా చెయ్యి ఎప్పటిలాగే తువ్వాలు కింద ఆయన చేతిలో ఉంది.

"సెయ్యండమ్మా," అంది పెట్టె. "నాకేటి భయం? ఎప్పుడు రమ్మంటారో సెప్పండి."

తువ్వాలు కింద ఆయన అరచెయ్యి చాపుకుని నా చేతిని నెట్టింది. నేనే తప్పుగా అర్థం చేసుకున్నానేమో అనుకున్నాను. మళ్లీ నెట్టింది. ఇంకా గట్టిగా.

"ఆగండమ్మా," అన్నాను. "ఆయన ఒప్పుకోలేదు."

"ఇప్పుడే చెప్పారు కదండీ. అందరం విన్నాం."

"అది పెట్టె సెప్పింది. సెయ్యి నేదంటంది."

"దీనికన్నీ అనుమానాలే," అంది పెట్టె. "నువ్వు లోపలికెల్లి కాఫీ సూసుకో."

నాకు చివుక్కుమంది. అయినా చెయ్యి తియ్యలేదు. తువ్వాలు తీసేసి అందరికీ చూపించాను. ముడతలు పడిన ఆ అరచెయ్యి నా చేతిని గోడని నెట్టినట్టు నెడుతూనే ఉంది.

శర్వాణిగారు ఫోను ఆపేశారు. మంచి మనిషి, ఆ మాట చెప్పాలి. ఇంకొకరైతే విన్నదే చాలనుకుని వెళ్లిపోయేవారు. "ప్రణతీ, మొదట్లో ఎలా ఉండేదో అలా పెట్టు. అదే ప్రశ్న మళ్లీ అడుగుదాం," అన్నారు.

ప్రణతి పెట్టె ఆపి, బోర్డు మీద బొట్టుబిళ్ల లాంటి చిన్న బ్యాటరీని గోటితో లేపి తీసింది. పక్కనున్న రెండు సూదుల మీద స్క్రూడ్రైవర్ మొన ఆనించి పట్టుకుంది. అలా చేస్తే బోర్డు తనకి నేర్పిన పరుగంతా మరిచిపోయి పుట్టినప్పటి నడకకి వస్తుందట. బ్యాటరీ పెట్టి, పెట్టె వేసి, శర్వాణిగారు మళ్లీ అడిగారు.

కాఫీ గ్లాసులు కడిగొచ్చాను. ఎవరూ కదల్లేదు. వీధిలో చెరకు బండి ఒకటి మూలుగుతూ వెళ్లిపోయింది. అప్పుడు పెట్టె నోరు విప్పింది.

"భ... యం... గా... ఉంది... తల్లీ."

శర్వాణిగారు కుర్చీలోంచి లేచి, ఆయన ముందు నేల మీద కూచున్నారు. "నేనింక ఆ మాట ఎత్తను నాయుడుగారూ. మీరే ఎత్తితే తప్ప," అన్నారు.

ఆవిడ వెళ్లాక ప్రణతి పగలంతా ఆ పెట్టె ముందే కూచుంది. తర్వాత వంటింట్లోకి వచ్చి, నా పక్కన పీట వేసుకుని చెప్పింది.

"మనిషి లోపల ఒక మాటకి బదులు నాలుగు పుడతాయి మామ్మా. మూడు మింగేసి ఒకటి బయటికి ఇస్తాం. పుట్టడం ఒక తీగ మీద వస్తుంది, ఇవ్వడం ఇంకో తీగ మీద వస్తుంది. నేను బోర్డుని తరిమేసరికి మొదటిది పరిగెత్తింది, రెండోది వెనకబడింది. బోర్డు దానికోసం ఆగడం మానేసింది. కొత్తవాళ్లు కనిపిస్తే మార్కెట్లో లాగా ఏం భయం, రండి అనడం తాత అలవాటు కదా. అది ముందు పుట్టింది. తాత మింగేలోపల పెట్టె అనేసింది."

నేను బెండకాయ తొడిమ తీసి పక్కన పెట్టాను. "మరి జాతర మాట?"

ప్రణతి నేను తీసిన తొడిమని వేళ్ల మధ్య తిప్పింది. "అది తాతలో పుట్టిందే. బోర్డు కల్పించింది కాదు. కానీ నీకివ్వాలో వద్దో తాత తేల్చుకోకముందే లాక్కుంది."

చేత్తో తీసి ఇచ్చిన పువ్వు వేరు, నిద్రలో ఉండగా తలలోంచి లాగిన పువ్వు వేరు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా నా మనసు ఊరుకోలేదు. ఇంకొక్క పూట ఆ గడియారాన్ని పరుగెత్తించవే, ఇన్నేళ్లూ ఇంకేం దాచుకున్నాడో విందాం అని నాలిక చివరిదాకా వచ్చింది. వరండాలో ఆయన మెడ నుంచి తీసిన పట్టీ వంక చూసుకుంటూ కూచున్నాడు, తన జేబు తనే తడుముకుంటున్నవాడిలా. ఆ మాట మింగేశాను. మింగడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

పెరటి గుమ్మంలో సన్యాసిరావు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి వింటున్నాడో.

"నాన్నా," అంది ప్రణతి, "తాత నీకు చెప్పాలనుకున్నది అది కాదు."

"అనుకోకపోయినా అబద్ధం కాదు కదే. నాకు తెల్దేటి?" వాడు గుమ్మం మీదే కూచున్నాడు. "అందరూ ఆయన యేగమే తలుసుకుంటారు. నాను పాడి పాడి నేర్సుకున్నాను, యేగం వచ్చీసింది. రానిదేటంటే ఆగడం. ఒకటోసారి, రెండోసారి అన్నాక ఆయన ఆగీవోడు గుర్తుందా అమ్మా? మార్కెట్టంతా ఊపిరి బిగబట్టీది. అప్పుడు ఆయన వర్తకుణ్ని సూడ్డు, రైతు మొగం సూస్తాడు. రైతు తల అడ్డంగా ఊపినాడా, దిమ్మ బండెక్కి ఇంటికెల్లిపోద్ది. ఎవరూ ఏటీ అనడానికి నేదు. మూడోసారి అన్నాకే అమ్ముడైనట్టు. నాను అక్కడ ఆగలేను. భయమేసి మూడోసారి అనేత్తాను."

ప్రణతి పీట వాడి దగ్గరికి లాక్కుంది. "మళ్లీ చెప్పు నాన్నా," అంది.

బస్తాల చాటున నిలబడి ఇన్నేళ్లు విన్నదాన్ని, ఆ నిశ్శబ్దం నాకూ గుర్తే. కానీ ఆయన పాట తలుచుకున్నప్పుడల్లా మేమంతా పరుగునే తలుచుకున్నాం. బోర్డుకి ఆ పరుగే నేర్పాం.

ప్రణతి పెట్టెని మళ్లీ కట్టింది. ఈసారి గడియారాన్ని ఒక మోస్తరు వేగం దగ్గర ఆపేసింది, నా ఫ్యాను నాకిచ్చేసింది. బల్ల మీద రెండు చిన్న దీపాలు అమర్చింది. ఆయన గొంతులో మాట పుడితే మొదటి దీపం వెలుగుతుంది. అది ఒకటోసారి. మాట పూర్తయితే రెండోది. ఇక మూడోసారి ఆయన చేతిలోనే ఉంది. తువ్వాలు కింద ఒక రబ్బరు బంతి పెట్టింది. పిడికిలి మూస్తేనే పెట్టె పలుకుతుంది. అరచెయ్యి చాపితే దీపాలు ఆరిపోతాయి, ఆ మాట ఎక్కడా మిగలదు.

మొదటిరోజు సన్యాసిరావు వరండాలోకి వచ్చి దూరంగా నిలబడ్డాడు. ఒక దీపం వెలిగింది. రెండోది వెలిగింది. మా ఆయన కొడుకు మొహమే చూశాడు. అరచెయ్యి చాపాడు, ఆరిపోయాయి. మళ్లీ వెలిగాయి, మళ్లీ ఆర్పాడు. ఏమేం మింగాడో ఆ దేవుడికి తెలియాలి. చివరికి పిడికిలి మూసుకుంది.

"రేపు నన్ను మార్కెట్టుకి తీసుకెల్లు," అంది పెట్టె. "రెండోసారి అన్నాక నా మొగం సూడు. నాను తలాడించినదాకా ఆగు."

"అలగే నాన్నా," అన్నాడు వాడు. తండ్రి ఇంకేమైనా అంటాడేమోనని అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. ఆ వేళకి అదే చాలింది.

నాకు మాత్రం ఒక పని మిగిలిపోయింది. పిల్లలెవరూ లేని మధ్యాహ్నం చూసి, పొయ్యి మీద కూర పెట్టి, ఆయన పక్కన వచ్చి కూచున్నాను. తువ్వాలు కిందనుంచి రబ్బరు బంతి తీసేసి నా చెయ్యి పెట్టాను.

"బావా, ఆ పెట్టె నీ దగ్గర ఒక మాట లాగీసుకుని నాకిచ్చింది. జాతర మాట. నాను పుచ్చీసుకున్నాను కూడా. అది నీకు తిరిగిచ్చెత్తన్నాను. నాకివ్వాలనుంటే ఇయ్యి. నేకపోతే నీకాడే ఉండనీ. నానేటీ అనుకోను."

ఆయన నన్ను చూశాడు. మొదటి దీపం వెలిగింది.

ఆయన చూపు దీపం మీదికి వెళ్లి నా మీదికి వచ్చింది. రెండో దీపం వెలిగింది.

చెయ్యి కదల్లేదు. ఆ చెయ్యి వెచ్చగా, బరువుగా, ఎటూ తేలకుండా నా వేళ్ల మీద ఉంది. వంటింట్లోంచి మాడు వాసన మొదలైంది. ఆయన కళ్లు అటు తిరిగాయి, వెళ్లి చూసుకో అన్నట్టు. నేను లేవలేదు. మార్కెట్టులో బస్తాల చాటున నిలబడి ఊపిరి బిగబట్టేదాన్నే, అలాగే కూచున్నాను.

తువ్వాలు కింద ఆయన పిడికిలి మూసుకుంది.

బంతి లేదు కాబట్టి పెట్టె ఏమీ పలకలేదు. రెండు దీపాలూ అలా వెలుగుతూనే ఉన్నాయి.

ఆ రోజు ఆనపకాయ కూర మాడిపోయింది. ఇద్దరం ఏమీ అనుకోకుండా అదే తిన్నాం.